మా బాత్‌రూమ్ గోడెక్కి కూర్చున్న గీజర్ గారికి

గీజర్ గారికి నమస్కారాలు.

కరెంటు బిల్లు వచ్చిందండీ. ఇంధన సర్దుబాటు చార్జీ అట, ఎప్పుడో వెనకటి నెలల్లో కాల్చిన బొగ్గుకి ఇప్పుడు వసూళ్లు. అందులో మీ పేరు ఎక్కడా రాయలేదు, పెద్దమనుషులు కదా.

అసలు వైజాగ్‌లో మీకేం పనండీ? లంబసింగిలో ఉంటే అడిగేవాణ్ణి కాదు. ఇక్కడ డిసెంబర్లో కూడా ఒళ్లు తుడుచుకునేలోపే చెమట పడుతుంది, అయినా మీ ఎర్ర లైటు చూడందే మా ఇంట్లో ఎవరూ మగ్గు ముట్టుకోరు.

25 లీటర్లు ఓ 30 డిగ్రీలు వేడెక్కాలంటే యూనిట్‌కి కాస్త తక్కువ పడుతుంది. ఓస్ ఇంతేనా అంటారు. ఆ ఒక్క యూనిట్ కోసం పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కరెంటు కేంద్రంలాంటి చోట ఇంచుమించు ముప్పావు కిలో బొగ్గు కాలాలి. ఒడిశా నుంచి రైలెక్కి వచ్చిన ఆ బొగ్గు వేడిలో మూడో వంతుకి కాస్త అటూ ఇటూగా కరెంటు అవుతుంది, మిగతాదంతా చాలావరకు కూలింగ్ టవర్లలోంచి ఆకాశానికి. అంత కష్టపడి వేడిని కరెంటు చేస్తే, తమరు దాన్ని మళ్లీ వేడి చేస్తారు! తల చుట్టూ చెయ్యి తిప్పి ముక్కు పట్టుకోవడం అంటే ఇదే.

పోనీ మధ్యాహ్నం పూట వెలుగుతారా అంటే అదీ లేదు. అప్పుడు సోలార్ కరెంటు దండిగా ఉంటుంది మరి. మీకు తెల్లారి ఆరింటికే కావాలి. సింహాద్రి రిజర్వాయర్ మీద తేలే 25 మెగావాట్ల ప్యానెళ్లు కూడా ఆ టైమ్‌కి సరిగ్గా నిద్ర లేవవు, కాబట్టి చాలావరకు బొగ్గే గతి. మీరొక్కరే 2 కిలోవాట్లు. పది లక్షల ఇళ్లలో ఒకేసారి స్విచ్ వేస్తే 2,000 మెగావాట్లు, అంటే సింహాద్రి సామర్థ్యం మొత్తం మీ స్నానాలకే, లైన్లలో పోయేది కాకుండా!

బోరు నీళ్ల ఉప్పు మీ కాయిల్‌కి గార కడుతుంది, అది వేరే కథ.

డాబా మీద సోలార్ హీటర్ పెడదామంటే బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి అంటుంది మా అసోసియేషన్. పొద్దస్తమానం ఎండ ఊరికే పోతుంటే ఒక్కడికీ పట్టదు, బిల్లు వచ్చినప్పుడు మాత్రం వాట్సాప్ గ్రూపులో గగ్గోలు! ఏం మనుషులో.

నిన్ను పీకి పాత సామాన్లకి వేసేద్దును గానీ, మా అమ్మ మోకాళ్లు నీ పుణ్యాన కాస్త వంగుతున్నాయి. బతికిపోయావ్. ఆవిడ బకెట్ నిండగానే స్విచ్ తీసేస్తా, ఏడ్చుకో.