చెక్క ముక్కల వారికి పైపు పట్టినవాడి ఫిర్యాదు

మహారాజశ్రీ చెక్క ముక్కల వారి సముఖానికి,

విశాఖపట్నం, సీతమ్మధారలోని మా పెరట్లో నిమ్మ మొక్క పక్కన నిలబడి రాస్తున్నాను.

నేను ఉద్యోగ విరమణ చేసి నాలుగేళ్లయింది. ఆ తర్వాత నాకు మిగిలిన కొలువు మొక్కలకు నీళ్లు పోయడం ఒక్కటే. రెండు నిమ్మలు, ఒక దానిమ్మ, గోడవారన ముళ్ల వాక్కాయ పొద. పూటకు ముప్పావు గంట పట్టేది. నిజానికి పావుగంట చాలు. మిగతా అరగంట పైపు పట్టుకుని వీధి వైపు తిరిగి ఉండేవాణ్ని. పాలవాడి కష్టాలు, ఎదురింటివారి అల్లుడి బదిలీ, అన్నీ ఆ నీళ్లతోపాటే పారేవి.

అంతలో తమరు వేంచేశారు. కరెంటు తీగలకు అడ్డమని నరికిన కొమ్మల్ని యంత్రంలో వేసి తరిగితే పుట్టిన సంతానం మీరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మీ పెద్దల్ని ఈ ఊరి రోడ్ల మీద అడ్డంగా పడేస్తే చెత్త అన్నాం. అదే సరుకును తరిగి, బస్తాలకెత్తి, తడి ఆరకుండా మొక్కల చుట్టూ నేలను కప్పే ‘మల్చింగ్’ అని పేరు పెట్టేసరికి మా అబ్బాయి డబ్బిచ్చి మరీ తెచ్చాడు. ఊరికే రాలిన సపోటా ఆకుల్ని మాత్రం రోజూ ఊడ్చి తగలబెడుతున్నాం. అది వేరే సంగతి.

నాలుగంగుళాల మందాన పరుచుకుని పడుకున్నారు. ఆ తర్వాత మీరు చేసిన పనేమీ లేదు. అయినా మెప్పంతా మీకే! పొద్దున్నే మా ఆవిడ మిమ్మల్ని పక్కకు తోసి మట్టిలో వేలు గుచ్చుతుంది. ఒకప్పుడు మధ్యాహ్నానికే పెంకులా ఎండిపోయే ఎర్రమట్టి ఇప్పుడు చల్లగా, ముద్దగా వేలికి అంటుకుని వస్తుంది. “ఇంకా తడి ఉందండీ, ఈ రోజు వద్దు” అంటుంది. మర్నాడూ అదే మాట. మూడో రోజు నాకు పైపు ముట్టుకునే అనుమతి. పోనీ కలుపు పీకే వంకతో కూర్చుందామంటే అదీ మొలవడం మానేసింది. తుంగ ఒక్కటే మిమ్మల్ని చీల్చుకుని పైకి వస్తోంది. దానికి నా జోహార్లు.

మీ మీద నేరం మోపాలని గట్టిగానే ప్రయత్నించాను. దానిమ్మ ఆకులు పాలిపోతే నత్రజని మింగేశారన్నాను. తీరా చూస్తే, మిమ్మల్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నత్రజని లాక్కునేది మీరూ మట్టీ తాకే పలుచని పొరలోనేనట. నేల మీద పరిచి ఊరుకుంటే వేళ్ల దాకా ఆ కరువు పోదు. ఎరువు కదా అని గునపంతో మట్టిలోకి కలిపేసింది నేనే. నిమ్మ మొదట్లో బంక కారితే ఆ తెగులూ మీరే తెచ్చారన్నాను. కాండానికి జానెడు దూరం వదలకుండా గోపురంలా పోగేసి, బెరడును తడిలో నానబెట్టింది ఎవరు? నేనే. చెదల కేసూ అంతే: మిగిలిన బస్తాను ఇంటి గోడకు ఆనించి మరిచిపోయింది ఎవరో వేరే చెప్పాలా?

పక్కింటి మాస్టారు మాత్రం మిమ్మల్ని ఇంకా వదల్లేదు. కుళ్లే కొయ్యలో కొమ్ము పురుగు పిల్లలు పెరిగి, రెక్కలొచ్చాక తన కొబ్బరి మొవ్వును తొలిచేస్తాయని ఆయన భయం. ఉత్త భయమేమీ కాదు. అందుకే వారానికోసారి గోడ దాటి వస్తారు. ఇద్దరం పీటలేసుకుని పుల్లలతో మిమ్మల్ని కెలుకుతాం. ఎదురింటి అల్లుడికి మళ్లీ బదిలీ అయిందట. ముప్పావు గంట పడుతుంది. పురుగు ఇంతవరకు దొరకలేదు.

ఇప్పటికే మీరు రెండంగుళాలకు కుంగారు. ఇంకో రెండు బస్తాలు తెమ్మని అబ్బాయికి చెప్పింది ఎవరని ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇట్లు,
పైపు చుట్టి మేకుకు తగిలించినవాడు