సర్కారు తుమ్మ గారికి బహిరంగ లేఖ

అయ్యా సర్కారు తుమ్మ గారూ,

ఈ మధ్యాహ్నం ఒంగోలు అవతల సముద్రం వైపు వెళ్లే మా డొంకలో తమరి ముల్లొకటి నా బండి వెనక టైరులో దిగింది. ఎర్రటెండలో తోసుకుంటూ వస్తే పంక్చర్ వేసే అబ్బాయి దాన్ని పీకి చూపించి "సర్కారు తుమ్మేలే అన్నా" అన్నాడు, తెలిసిన చుట్టం పేరు చెప్పినట్టు. సరే, టైరు సంగతి వదిలేస్తాను.

వదలలేనిది వేరే ఉంది. పోయిన నెలే ఆ డొంకలో జంగిల్ క్లియరెన్స్ చేశారు. పొక్లెయిన్ వచ్చింది, ఫొటోలు దిగారు, బిల్లు కూడా పాసయ్యే ఉంటుంది. తమరిని పైకి నరికి మొదళ్లు అలాగే వదిలేశారు. వేరుతో పీకకపోతే తమరు చావరని మా ఊళ్లో మేకలు కాసే పిల్లాడికీ తెలుసు! ఒక్క వాన పడగానే నరికిన ప్రతి మోడుకీ గుత్తులుగా పిలకలు. నరికిన కంపనైనా ఎత్తారా అంటే అదీ లేదు, దారిలోనే ఉంది, నాకు దిగిన ముల్లు అందులోదే. అంటే నిన్ను తీసెయ్యడానికని మా డబ్బే ఖర్చుపెట్టి నాకు ముల్లు గుచ్చారు. ఇక అయ్యా గియ్యా అనడం నావల్ల కాదు.

1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారు నిన్ను. అక్కడే పడి ఉండక ఈ ఉప్పునేలల్లో నీకేం పని? నీ ఆకు గొడ్లు ముట్టవు, కాయలు మాత్రం తియ్యగా ఉంటాయని తింటాయి, గింజ అరక్కుండా పేడలో బయటపడి అక్కడే మొలుస్తుంది. కూలీ ఇవ్వకుండా మా గొడ్లతోనే విత్తించుకుంటున్నావు. అటు తమిళనాడు కోడిక్కరైలో కృష్ణజింకలు మేసే గడ్డినేలనూ వదల్లేదు. 2017లో హైకోర్టు మధురై బెంచ్ నిన్ను పీకెయ్యమంటే, కొన్ని నెలలకే అదే హైకోర్టులో ఆ పని ఆగిపోయింది. చెట్టుకి స్టే!

నీ బొగ్గు మీద బతికే ఇళ్లున్నాయి, కాదనను. మా అమ్మ నీళ్లు కాచేదీ నీ కట్టెతోనే, నిప్పు గట్టిగా నిలుస్తుంది. అందుకని డొంకంతా నీకు రాసివ్వాలా?

పంచాయతీలో అడిగితే వచ్చే ఏడు మళ్లీ చేయిస్తామన్నారు. అప్పటికి నువ్వూ పెరుగుతావు, బిల్లూ పెరుగుతుంది. వేరుతో సహా పీకేవాడు దొరకనీ, నీ సంగతి చెప్తా.

ఇట్లు,
అదే డొంకలో రోజూ తిరిగేవాడు