34 ఓట్ల గెలుపు, 16 రోజుల ఆలస్యం

అమెరికాలో అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి పార్టీలు ఒక్కో రాష్ట్రంలో వరసగా ఓటింగు పెడతాయి. 2012 జనవరి 3న తొలి రాష్ట్రం అయోవాలో రిపబ్లికన్ పార్టీ కాకస్‌ల (పార్టీవారు ఊరూరా సమావేశమై ఓటేసే పద్ధతి) లెక్క తేలేసరికి అర్ధరాత్రి దాటింది. మిట్ రామ్నీ 8 ఓట్ల తేడాతో గెలిచారని పార్టీ రాష్ట్ర శాఖ ప్రకటించింది. రెండో స్థానం రిక్ శాంటోరమ్‌ది. జనవరి 19న అదే పార్టీ సరిచూసిన లెక్కలు బయటపెట్టింది. శాంటోరమ్‌కు 29,839 ఓట్లు, రామ్నీకి 29,805. ముందున్నది 34 ఓట్లతో శాంటోరమే. పైగా 8 కేంద్రాల పత్రాలు దొరకనే లేదు. ఒక చిన్న ఊళ్లో రామ్నీకి పడినవి 2 ఓట్లయితే పట్టికలో 22 అని ఎక్కిందని లెక్కింపులో పాల్గొన్న ఒకాయన మొదటి వారంలోనే చెప్పినా, ఆ మాట గట్టిగా పట్టించుకున్నవారు తక్కువ.

ఈ 16 రోజుల మధ్యలో న్యూ హాంప్‌షైర్ పోలింగ్ జరిగిపోయింది. అక్కడా రామ్నీయే గెలిచారు. తొలి రెండు రాష్ట్రాలూ వరసగా గెలిచిన మనిషికి ఇక ఎదురేముందని టీవీ విశ్లేషకులు తీర్మానించేశారు. అసలు విజేత ఎవరో తెలిసిన రెండు రోజులకు సౌత్ కరోలినా ఓటేసింది. శాంటోరమ్ మూడో స్థానంలో ఆగిపోయారు. అయోవాలో రెండో స్థానం కూడా ఆయనకు పెద్ద వార్తేనన్నది నిజమే. కానీ త్రుటిలో తప్పిపోయినవాడికి దక్కేది సానుభూతి. విరాళాలు, కార్యకర్తలు, కెమెరాలు కదిలేది గెలిచినవాడి వెంటే.

శాంటోరమ్ రాజకీయాలు నాకు ఏ కోశానా నచ్చవు. అయినా వెనకబడిన అభ్యర్థి సంగతి అర్థం కావాలంటే ఆయన ప్రచారాన్ని మించిన పాఠం లేదు. పెన్సిల్వేనియా నుంచి రెండుసార్లు సెనేటర్‌గా పనిచేసి, 2006లో 17 శాతానికి పైగా ఓట్ల తేడాతో చిత్తుగా ఓడిపోయిన నాయకుడు ఆయన. చేతిలో డబ్బు లేదు. అందుకే ఒక మద్దతుదారు పికప్ ట్రక్కులో అయోవాలోని 99 కౌంటీలూ (మన జిల్లాల్లాంటివి) చుట్టారు. 350కి పైగా సభలు పెట్టారు. సభలంటే మైదానాలు అనుకునేరు. పిజ్జా రాంచ్ అనే హోటళ్ల వెనక గదులు, గ్రంథాలయాలు, ఎవరివో ఇళ్లు. పట్టుమని పదిమంది రాని రోజుల్లో కూడా కూర్చుని, అడిగిన ప్రతి ప్రశ్నకూ ఓపికగా జవాబిచ్చేవారు.

ఇంత తిరిగినా నెలల తరబడి సర్వేల్లో ఆయన అడుగునే ఉన్నారు. టీవీ చర్చల్లో ముందంజలో ఉన్నవారు వేదిక మధ్యలో నిలబడితే, శాంటోరమ్ చోటు ఒక చివర. ప్రశ్నలు ఆయన దాకా వచ్చేసరికి సమయం అయిపోయేది. తనను అడగడం లేదని ఆయన వేదిక మీదే ఫిర్యాదు చేసిన సందర్భాలున్నాయి. అప్పటికి ఆయనది అదృష్టమనే చెప్పాలి. న్యూ మెక్సికోకు రెండుసార్లు గవర్నర్‌గా చేసిన గ్యారీ జాన్సన్‌ను చాలా చర్చలకు రానివ్వలేదు. లూసియానా మాజీ గవర్నర్ బడ్డీ రోమర్‌కైతే ఒక్క పెద్ద చర్చలోనూ చోటు దొరకలేదు. సర్వేల్లో పేరుంటే వేదిక ఎక్కనిస్తారు, వేదిక ఎక్కితే గాని సర్వేల్లో పేరు రాదు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు అన్న సామెత ఈ నిబంధన కోసమే పుట్టినట్టుంది.

మరి శాంటోరమ్ ఎలా బయటపడ్డారు? కాళ్లరిగేలా తిరిగినందుకే అంటే కథ బాగుంటుంది గాని, నిజం అంతకన్నా చిక్కుగా ఉంది. రామ్నీని మనస్ఫూర్తిగా ఒప్పుకోలేని సంప్రదాయవాద ఓటర్లు మిగతా పోటీదారుల్లో మొదట బాక్‌మన్‌ను, తర్వాత పెర్రీని, కెయిన్‌ను, గింగ్రిచ్‌ను నెత్తిన పెట్టుకుని, ఒక్కొక్కరినీ దించేశారు. డిసెంబరు నెలాఖరుకు మిగిలింది శాంటోరమ్ ఒక్కరే. సరిగ్గా క్రిస్మస్ తర్వాత వచ్చిన సర్వే ఆయనకు 16 శాతం ఇచ్చింది. అంతే, నిన్నటిదాకా ఖాళీగా ఉన్న అదే హోటల్ గదుల్లో విలేకరులు ఓటర్లను నెట్టుకుని నిలబడ్డారు. వంతు వచ్చేదాకా పోటీలో మిగిలి ఉండటమే ఆయన చేసిన పని. దానికి అయోవా లాంటి చిన్న రాష్ట్రం కావాలి. పెద్ద ఖర్చు లేకుండా మనుషులను నేరుగా కలిసే వీలు అక్కడే ఉంటుంది.

1976లో, తర్వాత అధ్యక్షుడైన డెమొక్రాట్ జిమ్మీ కార్టర్‌ను పైకి తెచ్చిందీ ఆ వీలే. అప్పట్లో జార్జియా దాటితే ఆయన పేరు తెలిసినవారు తక్కువ. మద్దతుదారుల ఇళ్లలో బస చేస్తూ, పొద్దున్నే పక్క తానే సర్దుకుంటూ తిరిగారు. అయోవా డెమొక్రాట్లలో 37 శాతం ఎవరికీ కట్టుబడలేదు. కార్టర్‌కు వచ్చింది 27 శాతం పైచిలుకు. లెక్క ప్రకారం గెలిచింది 'ఎవరూ కాదు'. పత్రికలు మాత్రం కార్టర్‌నే విజేతగా రాశాయి. మీడియా చూపు ఒకోసారి అనామకుడి మీద వరంలా కురుస్తుంది. ఎవరి మీద, ఎప్పుడు అన్నది ఓటరు చేతిలో ఉండదు.

ఇప్పుడు ఆ దారి కూడా ఇరుకైంది. 2023 ఆగస్టులో మిల్వాకీలో జరిగిన రిపబ్లికన్ల తొలి చర్చకు కనీసం 40,000 మంది దాతలు ఉండాలని, సర్వేల్లో ఒక శాతమైనా రావాలని పార్టీ షరతు పెట్టింది. నార్త్ డకోటా గవర్నర్ డగ్ బర్గమ్ ఏం చేశారంటే, ఒక డాలరు విరాళమిచ్చినవారికి 20 డాలర్ల గిఫ్ట్ కార్డు ఇచ్చారు. ఎదురు డబ్బిచ్చి దాతలను కొన్నారన్నమాట! ఆయన సంపన్నుడు కాబట్టి చెల్లింది. మయామీ మేయర్ ఫ్రాన్సిస్ సువారెజ్ ఒక డాలరు ఇచ్చినవారి పేర్లు ఫుట్‌బాల్ ఆటగాడు మెస్సీ మయామీ జట్టుకు ఆడే తొలి మ్యాచ్ టికెట్ల లాటరీలో వేస్తానన్నా వేదిక దాకా రాలేకపోయారు. చిన్న దాతల షరతు సామాన్యుడి ఆదరణను కొలవడానికి పెట్టినది. చివరికి అది కొలిచింది బర్గమ్ జేబును.

వడపోత అసలు వద్దనడం లేదు. 2019లో డెమొక్రాట్లు 20 మందిని రెండు రాత్రులు పంచి నిలబెడితే, ఎవరు ఏం చెప్పారో మర్నాటికి ఎవరికీ గుర్తులేదు. నా అభ్యంతరం కొలబద్ద మీద. దేశవ్యాప్త సర్వేలో ఒక శాతం అంటే ఓటింగుకు ఆరు నెలల ముందు పేరు విన్నవారి లెక్క, అంతే. దాని బదులు తొలి రాష్ట్రాల్లో ఇన్ని కౌంటీల నుంచి ఇన్ని సంతకాలు తెమ్మంటే కాళ్లున్నవాడికీ అవకాశం ఉంటుంది. వేదిక మీద ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరికి ముందు ప్రశ్న వేయాలో చీటీలు తీసి తేల్చవచ్చు.

మన దగ్గర ఈ తంటా లేదు. అభ్యర్థిని ఓటింగుతో ఎంచుకునే ప్రైమరీయే లేదు కదా. హైదరాబాదులోనైనా అమరావతిలోనైనా బీ-ఫారం ఎవరికన్నది అధినేత గదిలో తేలుతుంది. ఆశావహుడు ఆకర్షించాల్సింది ఆ ఒక్క మనిషి దృష్టినే. అక్కడా సర్వేల మాటే, 'గెలుపు గుర్రాల' వేటే. 2014 లోక్‌సభ ఎన్నికలకు ముందు కాంగ్రెస్ కొన్ని నియోజకవర్గాల్లో ప్రైమరీ ప్రయోగం చేసింది. వడోదరలో పార్టీ కార్యకర్తల ఓట్లతో గెలిచిన నరేంద్ర రావత్, అక్కడ నరేంద్ర మోదీ పోటీ చేస్తున్నారని తేలాక మధుసూదన్ మిస్త్రీకి చోటిచ్చి తప్పుకున్నారు. మిస్త్రీ 5 లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. రావత్‌నే నిలబెట్టి ఉంటే కాంగ్రెస్‌కు కొత్తగా పోయేదేమీ లేదు.