గాదెస్‌కి డాన్స్ రక్తంలోంచి రాలేదు

ఈ మధ్య ఒక వీడియో నాకు నాలుగు వైపుల నుంచి వచ్చింది. రాత్రి వేళ, నగరం నడిబొడ్డున రోడ్డు, మున్సిపాలిటీ వాళ్లు పైపులతో నీళ్లు కొట్టి కడుగుతుంటే ఆ తడిలో సన్నగా ఉన్న ఒక కుర్రాడు డాన్స్ చేస్తుంటాడు. చూస్తే ఆపబుద్ధి కాదు, నేనూ మూడుసార్లు చూశాను. గొడవంతా దాని కింద రాసిన కథతోనే. క్లుప్తంగా చెప్తే ఇదీ: "ఇతను ఆంటోనియో గాదెస్. జిప్సీల ఇంట్లో పుట్టాడు, ఒక్కరోజు కూడా డాన్స్ నేర్చుకోలేదు, రక్తంలోనే ఉంది. ఎందుకంటే ఫ్లమెంకో పుట్టిందే మన కథక్ నుంచి. స్పెయిన్ రాజులు నెత్తిన పెట్టుకున్న కళ అది. ఇలా రోడ్డు మీద ఆడుతుంటే సినిమావాళ్లు చూసి తీసుకున్నారు. బిజే ఒపేరా 'కార్మెన్'ని ఉన్నదున్నట్టు ఫ్లమెంకోలోకి దించి రాత్రికి రాత్రి స్టార్ అయ్యాడు. వయసు మీద పడి 1975లో మానేశాడు."

ఇందులో ఆయన పేరు ఒక్కటే నిజం అందామంటే అదీ కుదరదు. ఈయన స్పెయిన్‌లో పేరుమోసిన ఫ్లమెంకో డాన్సర్, ఫ్లమెంకో అంటే అక్కడి పాట, గిటార్, అడుగుల దరువు కలిసిన కళ. అసలు పేరు ఆంటోనియో ఎస్తెవె రోదెనాస్. గాదెస్ అన్నది తర్వాత పెట్టిన స్టేజి పేరు, కాదిస్ ఊరికి రోమన్ల కాలంలో ఉన్న పేరది. ఇక ఒక్కోటీ చూద్దాం.

ముందు జిప్సీ సంగతి. గాదెస్ జిప్సీ కాదు. స్పెయిన్‌లో వాళ్లని హితానోలు అంటారు, ఫ్లమెంకోలో వాళ్ల పాత్ర చాలా పెద్దది, దాన్ని ఎవరూ కాదనరు. కానీ ఈయన పుట్టింది 1936లో, అలికాంతే దగ్గర ఎల్దా అనే ఊళ్లో. చెప్పుల తయారీకి పేరున్న ఊరది, ఫ్లమెంకోకి పుట్టినిల్లయిన అండలూసియాలోది కూడా కాదు. స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైన ఏడాది, తండ్రి అప్పటి ప్రభుత్వమైన రిపబ్లిక్ పక్షాన పోరాడిన మనిషి. తర్వాత మాడ్రిడ్‌లో పేదరికం, పదకొండేళ్లకే బడి మానేసి పనులు. ఫోటో స్టూడియోలో చిల్లర పనులు చేశాడు, పత్రికాఫీసులోనూ చేశాడు. డాన్స్‌లోకి వచ్చింది ఆకలి వల్లేనని తనే చెప్పుకునేవాడు.

"ఒక్కరోజు కూడా నేర్చుకోలేదు" దగ్గర నాకు ఒళ్లు మండింది. నేను చిన్నప్పుడు కొన్నాళ్లు కూచిపూడి నేర్చుకున్నాను, పెద్దగా రాలేదు, అది వేరే సంగతి. మా క్లాసులో బాగా చేసే అమ్మాయి ఒకతి ఉండేది. ప్రోగ్రాం అయ్యాక చుట్టాలందరూ "దీనికి రక్తంలోనే ఉందమ్మా" అనేవాళ్లు. ఆ పిల్ల పొద్దున్నే ఐదింటికి లేచి మోకాళ్లు నొప్పెట్టేదాకా అడుగులు కొట్టిన సంగతి ఎవరికీ పట్టేది కాదు. మెచ్చుకున్నట్టే ఉంటుంది గానీ, ఆ మాటతో మనిషి కష్టాన్ని తాతల ఖాతాలో వేసేస్తాం.

గాదెస్ ఖాతా చూడండి. పదిహేను పదహారేళ్ల వయసులో పిలార్ లోపెస్ కంట్లో పడ్డాడు. ఆవిడ అప్పటికే స్పెయిన్‌లో పెద్ద డాన్స్ కంపెనీ నడుపుతున్న మనిషి, లా అర్హెంతినీతా అని పేరుమోసిన నాట్యకారిణికి చెల్లెలు. 1952లో ఆ కంపెనీలో చేరిన కుర్రాడు బయటికొచ్చింది 1961లో. అంటే తొమ్మిదేళ్లు! గాదెస్ అనే పేరు పెట్టింది కూడా ఆవిడే. అక్కడ ఒక్క ఫ్లమెంకోతో సరిపోదు, బ్యాలేకి దగ్గరగా ఉండే బొలేరా పద్ధతి, హోతా లాంటి ప్రాంతీయ నృత్యాలు, అన్నీ రావాలి. ఒక్క అడుగు వేసినా దాని లెక్క తెలిసే వేయాలి.

ఆ తర్వాత ఇటలీ వెళ్లాడు. మనవాళ్లు రాసే ఏ పోస్టులోనూ ఇది కనపడదు, నాకైతే ఆయన కెరీర్‌లో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఇదే. 1960ల మొదట్లో రోమ్ ఒపేరాలో, స్పొలేటో ఉత్సవంలో, మిలాన్ లా స్కాలాలో పనిచేశాడు. ఆంటన్ డోలిన్ అనే బ్రిటిష్ బ్యాలే కళాకారుడితో కలిసి రావెల్ 'బొలెరో' చేశాడు. ఒపేరా అంటే పాటలతోనే నడిచే నాటకం, అలాంటి చోట పనంటే ఫ్లమెంకో వాళ్లకి లోకం తలకిందులైనట్టే. ఎందుకో చెప్తాను. మన కూచిపూడిలో నట్టువాంగం చేసే గురువుగారి తాళం ఒకవైపు నడిపిస్తుంటుంది కదా. ఫ్లమెంకోలో చాలావరకు డాన్సరే నడిపిస్తాడు. మడమతో ఒక రకంగా కొట్టాడంటే గిటార్ వాయించేవాడికి సైగ ఇచ్చినట్టు, దాన్ని యామాదా అంటారు, పిలుపు అని అర్థం. ఆ పిలుపుతో పాట మొదలవుతుంది, ఆగుతుంది, వేగం మారుతుంది. పన్నెండు మాత్రల చుట్టు ఒకటి అందరి ఒంట్లోనూ తిరుగుతుంటుంది కాబట్టి ఎవరూ తప్పిపోరు. ఒపేరాలో అలా కాదు. కిందెక్కడో గోతిలో కండక్టర్ ఉంటాడు, వేగం ఆయన చేతిలో, డెబ్భై ఎనభై మంది వాయిద్యకారులు ఆయన్నే చూస్తుంటారు, డాన్సర్ కాలు జారినా సంగీతం ఆగదు. వేదిక నిండా కోరస్, వాళ్లు పాడాలి కాబట్టి ఊపిరి మిగలాలి, గెంతించలేం. అలాంటి చోట కొరియోగ్రఫీ చేయడమంటే డాన్స్ పెట్టడం కన్నా ముందు మనుషుల్ని ఎక్కడ నిలబెట్టాలి, ఎప్పుడు కదపాలి, ఎప్పుడు కదపకూడదు అన్నది తేల్చుకోవడం. ఆ కదపకపోవడం అనే విద్య ఈయన తర్వాతి పనంతటా కనిపిస్తుంది. గుంపుని ఒక్క మనిషిలా నిలబెట్టడంలో ఆయన్ని మించినవాళ్లు ఫ్లమెంకోలో నాకు తెలిసి లేరు.

ఇంక ఆ వీడియో. అది ఎవరో చాటుగా తీసింది కాదు. 1963లో వచ్చిన 'లోస్ తారాంతోస్' సినిమాలో సీను, బార్సిలోనాలోని రాంబ్లాస్ వీధి. రెండు జిప్సీ కుటుంబాల పగ మీద నడిచే ప్రేమకథ, ఆస్కార్‌లో విదేశీ చిత్రాల విభాగంలో నామినేషన్ కూడా వచ్చింది. అందులో గాదెస్ వేషం జిప్సీ కుర్రాడిది, బహుశా పోస్టు రాసినాయన అక్కడే బోల్తా పడ్డాడు. వేషాన్ని చూసి కులం రాసేస్తే ఎన్టీఆర్‌ని యాదవుడని రాయాలి మరి! నిజంగా ఆ లోకంలో పుట్టిన మనిషి ఆ సినిమాలో వేరే ఉంది, కార్మెన్ అమాయా. బార్సిలోనా సముద్రపు ఒడ్డున గుడిసెల వాడలో పుట్టిన మహానాట్యకారిణి, అదే ఏడాది నవంబర్‌లో చనిపోయింది. రోడ్డు మీద నుంచి సినిమాలోకి తీసుకున్నారంటున్న గాదెస్ వెనక అప్పటికి పిలార్ దగ్గర తొమ్మిదేళ్లు, ఆపైన ఇటలీ ఒపేరా హౌస్‌లు ఉన్నాయి.

కథక్ దగ్గరికి వద్దాం. ఇది అంటే నా మీదికి కొంతమంది వస్తారని తెలుసు. ఇందులో సగం నిజం ఉంది, అందుకే అంత గట్టిగా అంటుకుంది. రోమానీ ప్రజల, అంటే జిప్సీల పూర్వికులు వాయవ్య భారతం నుంచి వెళ్లినవాళ్లే, వెయ్యేళ్ల కిందటి మాట, వాళ్ల భాష మన హిందీ, పంజాబీల కుటుంబంలోదే. స్పెయిన్‌లో వాళ్ల గురించి రాతపూర్వకంగా కనిపించేది 1425 నుంచి. కానీ ఇప్పుడు మనం చూసే కథక్ లక్నో, జైపూర్ దర్బారుల్లో రూపు దిద్దుకున్నది ముఖ్యంగా పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో. అప్పటికి హితానోలు స్పెయిన్‌లో స్థిరపడి మూడొందల ఏళ్లు దాటింది. మనవరాలి కన్నా తర్వాత పుట్టిన అమ్మమ్మ ఎక్కడైనా ఉంటుందా? ఫ్లమెంకో అన్న పేరుతో మనకి తెలిసిన కళ కూడా దాదాపు ఆ కాలంలోనే, అండలూసియాలో పోగైంది. అక్కడి జానపదాలు, అరబ్బుల కాలం నాటి ఛాయలు, హితానోల గొంతు, ఓడల మీద క్యూబా వైపు నుంచి వచ్చిన లయలు అన్నీ కలిశాయి. రెంటిలోనూ పాదాల పని ఉంది, గిర్రున తిరగడం ఉంది, నిజమే. కానీ కథక్‌లో ఉత్త పాదం, గజ్జెలు. ఫ్లమెంకోలో బూటు, దాని ముందూ మడమకిందా కొట్టిన మేకులు. పోలిక ఉంది కదా అని పుట్టుకని అంటగట్టకూడదు. పైగా గాదెస్ రోమానీయే కాదు కాబట్టి ఆయన విషయంలో ఈ లెక్క మొదటి మెట్టు మీదే పడిపోతుంది.

రాజులు నెత్తిన పెట్టుకున్నారట. 1749లో అదే స్పెయిన్ రాజ్యం హితానోలన్న పాపానికి వేలమందిని ఒక్కసారిగా పట్టి బంధించింది. దీని మీద ఇంకేం రాయను.

అసలైన తప్పు 'కార్మెన్' దగ్గర ఉంది. ఫ్రెంచి స్వరకర్త బిజే ఒపేరా 1875లో పారిస్‌లో మొదటిసారి ఆడింది. మూలం మెరిమే అనే ఫ్రెంచి రచయిత కథ. బిజే స్పెయిన్‌లో అడుగు పెట్టినవాడు కాదు. అందులో అందరికీ తెలిసిన హబనేరా పాట ఫ్లమెంకో కానే కాదు, పేరులోనే క్యూబా రాజధాని హవానా ఉంది. ఇరాదియేర్ అనే స్పానిష్ స్వరకర్త పాటని జానపదం అనుకుని బిజే వాడేసుకున్నాడు పాపం. అంటే స్పెయిన్ గురించి బయటివాళ్లు ఊహించుకున్న స్పెయిన్ అది. దాన్ని "ఉన్నదున్నట్టు" ఫ్లమెంకోలోకి దించడం సాధ్యం కాదు, గాదెస్‌కీ సినిమా దర్శకుడు కార్లోస్ సౌరాకీ ఆ సంగతి బాగా తెలుసు. అందుకే 1983 సినిమాలో ఒపేరాని తీయలేదు, ఒపేరాని ఎలా చేయాలో తేల్చుకుంటున్న ఒక డాన్స్ కంపెనీని తీశారు. కొరియోగ్రాఫర్ ఆంటోనియో పాత్రలో గాదెస్ ఉంటాడు, కార్మెన్ కోసం వెతుకుతుంటాడు.

దొరికితే ఈ సీను చూడండి. హాల్లో టేపు మీద ఒపేరాలోని సెగిదిల్యా పాట వినిపిస్తుంటుంది. పక్కన పాకో దె లుసియా, అవును, ఫ్లమెంకో గిటార్‌కి పేరుమోసిన ఆ పాకోనే, విని, దీనికి డాన్స్ చేయడం కష్టం అంటాడు. అని అదే బాణీని తన గిటార్ మీద బులెరియా అనే వేగమైన ఫ్లమెంకో లయలోకి మార్చి వాయిస్తాడు. గాదెస్ లేచి అడుగు వేసి చూస్తాడు. బిజే రాగం అలాగే ఉంటుంది, కింద నేల మాత్రం మారిపోతుంది. సినిమా మొత్తం ఆ నిమిషంలో ఉంది నా లెక్కన. పొగాకు ఫ్యాక్టరీ గొడవ సీనైతే ఇంకా ఘోరం. ఆడవాళ్లంతా బల్లల ముందు కూర్చుని చేతులతో చెక్క మీద దరువు వేస్తుంటారు, ఆర్కెస్ట్రా లేదు, ఆ దరువు, గొంతులు, కాళ్లు, అంతే, చివర్లో కత్తి వేటు పడుతుంది. ఇదా ఉన్నదున్నట్టు దించడం?

ఇక్కడో చిన్న సరదా. సినిమాలో కార్మెన్ వేషం లౌరా దెల్ సోల్ అనే చిన్న వయసు అమ్మాయిది. ఎన్నో ఏళ్లుగా గాదెస్ జోడీగా ఆడుతున్న క్రిస్తీనా ఓయోస్‌ది అందులో సీనియర్ డాన్సర్ పాత్ర, ఆ పాత్రకి వయసు ఎక్కువైందని కార్మెన్ వేషం దక్కదు. అదే 1983లో 'కార్మెన్' పారిస్‌లో స్టేజి మీదికి వచ్చినప్పుడు కార్మెన్ ఎవరనుకున్నారు? క్రిస్తీనా ఓయోసే.

రాత్రికి రాత్రి స్టార్ అన్నది కూడా లెక్కకి నిలవదు. కార్మెన్ నాటికి ఆయనకి నలభై ఆరు. దానికి ముందు 1981లో సౌరా తీసిన 'బోదాస్ దె సాంగ్రె' (నెత్తుటి పెళ్లి) ఉంది, స్పానిష్ కవి లోర్కా నాటకం. సినిమా వాళ్లు దాన్ని కొత్తగా పుట్టించలేదు, గాదెస్ 1974లోనే రోమ్‌లో స్టేజి మీద పెట్టిన డాన్స్ అది. అందులో ఇద్దరు మగవాళ్లు కత్తులతో తలపడే చోట సంగీతం ఆగిపోతుంది. స్లో మోషన్. కెమెరా మాయ కాదు, ఆ ఇద్దరూ తమ ఒంటితోనే అంత నెమ్మదిగా కదులుతారు. ఒకడి కాలు లేచి నేలకి దిగేలోపు మనం ఊపిరి బిగపట్టి కూర్చుంటాం. వేగంగా తన్నేవాళ్లు వందమంది దొరుకుతారు, అంత నెమ్మదిగా పడిపోకుండా చేయాలంటే తొడలు ఎంత గట్టిగా ఉండాలో ఒక్కసారి ఇంట్లో ప్రయత్నించండి. నేను చేసి చూశాను, సోఫా పట్టుకున్నాను.

ఇక చివరిది, 1975. మానేసిన మాట నిజం, కారణమే అబద్ధం. ఆయనకప్పటికి ముప్పై ఎనిమిది, వయసు మీద పడిందంటే నవ్వుతారు. ఆ ఏడాది సెప్టెంబర్ 27న ఫ్రాంకో ప్రభుత్వం ఐదుగురిని కాల్చి చంపింది, ఆ నియంత పాలనలో చివరి మరణశిక్షలవి. దానికి నిరసనగా గాదెస్ తన కంపెనీనే రద్దు చేసుకున్నాడు. బాగా నడుస్తున్న కంపెనీ, మంచి పేరున్న రోజులు. రెండు నెలలు తిరక్కుండానే ఫ్రాంకో పోయాడు, కానీ ఈయన వెంటనే తిరిగి వచ్చి దుకాణం తెరవలేదు. మళ్లీ స్టేజి ఎక్కించింది క్యూబాలో అలీసియా అలోన్సో, దాదాపు చూపు పోయిన స్థితిలో కూడా ఆడిన బ్యాలే తార. 1978లో స్పెయిన్ జాతీయ బ్యాలే పెట్టినప్పుడు మొదటి డైరెక్టర్‌గా ఈయన్నే పిలిచారు, 1980లో తీసేశారు. తీసేస్తే కొందరు డాన్సర్లు కూడా ఆయన వెనకే బయటికి వచ్చి సహకార పద్ధతిలో కలిసి పనిచేశారు. సౌరాతో చేసిన సినిమాలు అన్నీ ఆ తర్వాతే. 1994లో ఇటలీలోని జెనోవా ఒపేరా హౌస్‌లో 'ఫ్వెంతె ఓవెహునా' పెట్టాడు. ఊరిని పీడించిన దొరని ఊరంతా కలిసి చంపి, హింస పెట్టి ఎవరు చంపారని అడిగితే అందరూ ఊరి పేరే చెప్పే కథ. "1975లో మానేసిన" మనిషి యాభై ఎనిమిదేళ్ల వయసులో చేసిన పని అది. 2004లో చనిపోయాడు, అస్థికలు క్యూబాలో ఉన్నాయి.

నాకు పోస్టు పంపినవాళ్లలో మా పెదనాన్నగారు ఒకరు. ఇదంతా ఫోన్లో చెప్తే ఓపిగ్గా విని "అయితే ఆ నీళ్ల డాన్స్ బాగాలేదంటావా" అన్నారు. బాగుంది పెదనాన్నా, చాలా బాగుంది, వీడియో పంపండి, కింద రాసింది తీసేసి పంపండి అన్నాను.