తుర్క్‌మెన్ నేతను చెడగొట్టింది రంగు కాదు

పాత తివాచీలు సేకరించేవాళ్లలో ఒక లెక్క పాతుకుపోయింది. తుర్క్‌మెన్ నేత కనబడితే ముందు చూసేది అది సుమారు 1880కి ముందుదా, తర్వాతదా అని. ముందుదైతే మంజిష్ఠ వేరు నుంచి తీసిన ఎరుపు, అసలైన కళ, వేలంలో మంచి ధర. తర్వాతదైతే యూరప్ ఫ్యాక్టరీల రసాయన రంగు, బజారు సరుకు. గుర్తుపెట్టుకోవడం తేలిక కాబట్టే ఈ లెక్క ఇన్నాళ్లు నిలబడింది. తేదీ వరకు పెద్దగా తప్పులేదు, చెప్పే కారణమే తప్పు.

అసలు ఇవి ఏం వస్తువులో ముందు చూద్దాం. కాస్పియన్ సముద్రానికి తూర్పున, కరాకుమ్ ఎడారి చుట్టూ గొర్రెలతో, ఒంటెలతో తిరిగిన తుర్క్‌మెన్ తెగలు ఉన్నాయి: టెకే, సాలోర్, సారిక్, యోముత్, ఎర్సారి, చౌదూర్ వగైరా. తివాచీ అనగానే మనకు నేల మీద పరిచేదే గుర్తొస్తుంది గానీ, వీళ్లు నేసినవాటిలో చాలావరకు నేల మీద పరిచేవే కావు. గుండ్రటి గుడారంలో బీరువాలు ఉండవు కదా, బట్టలూ పక్కబట్టలూ పెట్టుకోవడానికి చువాల్ అనే పెద్ద సంచి, దానికంటే చిన్నవాటికి తోర్బా, గుమ్మానికి తెరగా ఎన్సీ, గుడారం చుట్టూ బిగించడానికి మీటర్ల కొద్దీ పొడవున్న పట్టీలు. వీటన్నిటిలోకీ నాకు నచ్చేది ఆస్మాలిక్. ఐదు మూలల ముక్కలు రెండు జతగా నేసి, పెళ్లికూతురు ఎక్కిన ఒంటెకు రెండు పక్కలా వేలాడదీసేవారు. నేసేది ఆడవాళ్లు, నేల మీద మేకులు కొట్టి బిగించిన మగ్గం మీద. వలస వెళ్లాల్సి వస్తే సగం నేసిందాన్ని అలాగే చుట్టి ఒంటె మీద వేసుకోవచ్చు. పెళ్లి సారెకు నేసిన సంచుల్లో చదరపు అంగుళానికి 200 దాటి ముడులు ఉన్నవి దొరుకుతాయి. ఎవరూ కూలి కట్టని పని కాబట్టే అంత ఓపిక పట్టింది.

సేకరించేవాళ్ల ఊహ దెబ్బతినేది ఇక్కడే. ఎడారిలో ఎవరితోనూ సంబంధం లేకుండా, సొంత గొర్రెల ఉన్నితో, చేతికందిన మొక్కల రంగుతో నేసుకున్న ‘స్వచ్ఛమైన’ సంచార స్త్రీ ఎప్పుడూ లేదు. ఆ పాత ముక్కల్లో కనిపించే ముదురు నీలం నీలిమందుది, అది వర్తకుల చేతుల మీదుగా రావాల్సిందే. ముల్తానీ వ్యాపారులు మధ్య ఆసియా నగరం బుఖారాకు మోసుకెళ్లిన సరుకుల్లో మన దేశపు నీలిమందు ఒకటి. కొన్ని మంచి ముక్కల్లో అక్కడక్కడా మెరిసే గులాబీ ఎరుపు కోచినీల్ పురుగుది. ఆ పురుగు పుట్టిల్లు అమెరికా ఖండం. పట్టుదారం కూడా కొనుక్కున్నదే. అంటే 1880కి చాలా ముందే వీళ్ల రంగులు బజారు నుంచి వచ్చేవి. కొన్న రంగు వాడితే కళ పాడవుతుందనుకుంటే, అందరూ పడిచచ్చే ముక్కలనే ముందు పక్కన పెట్టాలి.

మరి మారిందేమిటి? 1881 జనవరిలో స్కోబెలెవ్ అనే రష్యన్ జనరల్ టెకేల గ్యోక్‌తెపే కోటను పేల్చి పట్టుకున్నాడు. టెకేలు వేల సంఖ్యలో చచ్చిపోయారు, పారిపోతున్నవాళ్లను కూడా తరిమి చంపారు, కోటలో మిగిలింది సైనికుల దోపిడీకి వదిలేశారు. 1884లో టెకేల మరో కేంద్రం మెర్వ్ కూడా లొంగింది. ఆ వెనకే రైలు: 1885కి అష్గాబాత్, 1886కి మెర్వ్, 1888కి సమర్‌ఖంద్. ఒక తరం లోపే మందలు, మేత దారులు, తెగల బలం అన్నీ తలకిందులై, అదే పట్టాల మీద వ్యాపారి వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. చేతిలో డబ్బులేని ఇంట్లో మొదట అమ్ముడుపోయేది సారె సంచే. కొన్నవాళ్లకు సంచి అక్కర్లేదు, ముఖం చాలు. వెనకభాగం కోసి పారేసి ముందు ముక్కను గోడకో కుర్చీకో వేసుకున్నారు. ఇవాళ మ్యూజియాల్లో ఉన్న చువాల్ ముక్కల్లో వెనకభాగం లేనివి ఎన్నో ఉన్నది అందుకే.

ఆ తర్వాత మగ్గం మీదికి ఎక్కింది పొరుగూరి కొనుగోలుదారు కొలత. సైజు అతను చెప్పిందే, గడువు అతనిదే. గడువు ఉన్నప్పుడు ఒకసారి ముంచితే సరిపోయే రంగును ఎవరైనా వాడతారు. అంటే రసాయన రంగు ఫలితమే గానీ మూలం కాదు. ఇంటికోసం, పెళ్లికోసం నేసుకున్నవాళ్లు రసాయన ఎరుపు కలిపినా అద్భుతంగా నేసిన ముక్కలు ఉన్నాయి. అవి ‘లేటు’ అనే ఒక్క మాటతో చవకైపోతున్నాయి, నాకు ఒళ్లు మండేది అక్కడే.

యుద్ధం నేతను మార్చడం అప్పుడు కొత్త కూడా కాదు. 1832లో పర్షియా యువరాజు అబ్బాస్ మీర్జా సరాఖ్స్‌ను పట్టుకున్నాక సాలోర్ల బలం విరిగింది. వాళ్ల పెద్ద గుల్, అంటే తెగ గుర్తుగా వరసల్లో నేసే ఎనిమిది పలకల నమూనా, ఆ తర్వాత టెకే, సారిక్ ఆడవాళ్ల మగ్గాల మీద కనిపిస్తుంది. రంగు బాగానే ఉంది, ముడి బాగానే ఉంది, నమూనా మాత్రం ఓడినవాళ్ల నుంచి పొరుగు తెగలకు చేరింది.

ఇప్పుడు అలాంటి తెగల గుల్‌లు ఐదు తుర్క్‌మెనిస్తాన్ జెండా మీద ఉన్నాయి. అష్గాబాత్‌లో తివాచీల మ్యూజియం, మే నెలాఖరు ఆదివారం తివాచీ పండుగ, ఒకప్పుడు గిన్నిస్ రికార్డుకెక్కిన 301 చదరపు మీటర్ల తివాచీ, 2019లో యునెస్కో గుర్తింపు. సంచార జీవితాన్ని సోవియట్ ప్రభుత్వం బలవంతంగా ఆపేసిన గడ్డ మీద ఇప్పటి ప్రభుత్వం ఆ జీవితపు గుర్తును ఎగరేస్తోంది. ఆ 301 మీటర్లు ఏ గుడారంలో పడతాయో మాత్రం అడగకూడదు!

రంగు పక్కన పెడితే తేదీ ఎలా తెలుస్తుందంటారా, కార్బన్ పరీక్ష కూడా పెద్దగా ఆదుకోదు. సుమారు 1650 తర్వాతి ఉన్నికి అది ఇచ్చే జవాబు వందల ఏళ్ల వెడల్పులో ఉంటుంది. కొన్ని ముక్కలు అంతకంటే పాతవని తేలినా, మిగతావి ఆ వెడల్పులోనే ఇరుక్కుపోతాయి. అందుకే ఎవరైనా ముక్క చూపిస్తే నేను ఎరుపు కంటే ముందు వెనక్కి తిప్పి చూడమంటాను. వెనకభాగం ఇంకా ఉందా, కోసేశారా, వేలాడదీసిన తాళ్ల మొదళ్లు పై అంచున మిగిలాయా, అరుగుదల సంచి మోసిన చోట ఉందా లేక కాళ్ల కింద నలిగిందా, ఎవరి ఇంటికోసం నేశారో చెప్పేవి ఇవే.