తీయని సినిమాకు ట్రైలర్

మన ఇంజినీరింగ్ కళాశాలల్లో గ్రూప్ ప్రాజెక్టు అనే వ్యవస్థ ఎంతో కాలంగా ఎవరికీ ఇబ్బంది లేకుండా నడుస్తోంది. నలుగురో ఆరుగురో విద్యార్థులను హాజరుపట్టీ వరుసలో ఒక జట్టుగా కట్టడం, వారిలో ఒకరు పని చేయడం, మిగిలినవారు ఆ ఒక్కరికి టీ తాగించడం, చివరికి అట్ట మీద అందరి పేర్లూ బంగారు రంగు అక్షరాలతో అచ్చు కావడం అందులోని ప్రధాన ఘట్టాలు. ఆ ఒక్కరికి కూడా తీరిక లేకపోతే హైదరాబాదులో అమీర్‌పేట ఉండనే ఉంది. డబ్బు కడితే అక్కడ కోడు, దాని తాలూకు పత్రాలు, వైవాలో అడగబోయే ప్రశ్నలు, వాటికి జవాబులు అన్నీ కలిపి చేతిలో పెడతారు. గైడ్ సంతకం చేస్తారు, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పుటలు తిరగేస్తారు, ఆనాటి మధ్యాహ్న భోజనంలో ఒక స్వీటు అదనంగా ఉంటుంది. ఆ ప్రాజెక్టును ఎవరూ ఎక్కడా వాడబోరు గనుక దానివల్ల నష్టపోయేవారు కూడా ఎవరూ ఉండరు.

ఇంతటి సామరస్యంలోకి ఈ మధ్య ఒక ఉపద్రవం ప్రవేశించింది. కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబు పేరిట, ఒక హాస్య చిత్రానికి రెండు నిమిషాల ట్రైలర్ తీసి చూపించమని రెండో సంవత్సరం విద్యార్థులకు గ్రూప్ ప్రాజెక్టు ఇచ్చిన కళాశాల ఒకటి మా ఊరికి దగ్గరలోనే ఉంది. సినిమా తీయనక్కరలేదు, ట్రైలర్ చాలునన్నారు. ఆ ప్రదర్శనకు న్యాయనిర్ణేతల్లో ఒకడిగా కూర్చుని, దాని పూర్వాపరాలన్నీ విద్యార్థుల నోటనే విన్నవాడిగా, విద్యా వ్యవస్థ శ్రేయస్సు కోరి నా అభ్యంతరాలను ఇక్కడ సవినయంగా నమోదు చేస్తున్నాను.

లేని సినిమాకు ట్రైలర్ తీయమనడం మీద మాత్రం నాకు ఎలాంటి ఆక్షేపణా లేదు. అది మన విద్యావిధానపు స్ఫూర్తికి అన్ని విధాలా తగినదే. ప్రవేశాల కాలంలో చేతికిచ్చే రంగుల బ్రోచరులో పచ్చిక బయలును, ఈత కొలనును, లక్షల ప్యాకేజీలను చూసి చేరిన పిల్లలకు, ముందు చూపించినదానికి వెనుక ఏమీ లేకపోయినా పని ఎలా నడుస్తుందో కొత్తగా నేర్పనక్కరలేదు. చరిత్ర కూడా వారి పక్షానే ఉంది. 1913లో న్యూయార్కులో నిల్స్ గ్రాన్‌లండ్ అనే ప్రచార నిర్వాహకుడు తయారుచేసిన, మొట్టమొదటి ట్రైలరుగా పేరుపడ్డ ఆ చిన్న చిత్రం ఏ సినిమాకూ సంబంధించినది కాదు. బ్రాడ్వే రంగస్థలం మీద ఆడబోయే ఒక సంగీత నాటకానిది. ట్రైలరుకు వెనుక సినిమా ఉండి తీరాలన్న నియమం దాని పుట్టుకలోనే లేదన్నమాట.

నా అభ్యంతరమల్లా దీన్ని కొనుక్కోవడం కుదరదన్నదే. ముఖాన్ని గుర్తుపట్టి హాజరు వేసే యంత్రాన్ని ఎవరైనా తయారుచేసి అమ్మగలరు గాని, ఫలానా రోల్ నంబరు విద్యార్థి ఫలానా కారిడార్‌లో కాలు జారి పడే దృశ్యాన్ని ఎవరు అమ్మగలరు? అక్కడ ఆ పిల్లవాడి ముఖమే కనబడాలి, అతడి గొంతే వినబడాలి. పని చేయనివాడు చేయలేదన్న సంగతి రెండు నిమిషాల్లో తరగతి మొత్తానికీ తెలిసిపోయే ప్రాజెక్టును రూపొందించినవారు, తరతరాలుగా పని చేయని విద్యార్థికి మనం కల్పిస్తూ వచ్చిన రక్షణను ఒక్క సర్క్యులర్‌తో తీసిపారేశారు.

అయితే మన పిల్లలు అంత తేలికగా సంప్రదాయాన్ని వదులుకునే రకం కారు. నేను గమనించిన జట్టులో ఇద్దరు అమ్మాయిలు, నలుగురు అబ్బాయిలు ఉన్నారు. క్యాంటీన్‌లో జరిగిన తొలి సమావేశంలోనే పని విభజన ముగిసింది. కథ, మాటలు, దర్శకత్వం ఒక అమ్మాయికి, కెమెరా, ఎడిటింగ్, శబ్దం రెండో అమ్మాయికి పోగా, మిగిలిన నలుగురిలో ఒకరు కథానాయకుడు, ఒకరు ప్రతినాయకుడు, ఒకరు క్రియేటివ్ హెడ్ అయ్యారు. ఆ సమావేశానికి రాని ఆరో అతడికి 'సమర్పణ' దక్కింది. తెర మీద మొదట పడేదీ అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో పడేదీ ఆ పేరే. సమర్పించినవారు సరిగ్గా ఏం చేశారని మన సినీ పరిశ్రమలో ప్రేక్షకుడెవరూ ఇంతవరకు నిలదీసిన దాఖలా లేదు. ఆ గౌరవ మర్యాదలను ఆ కుర్రవాడు పంతొమ్మిదేళ్లకే అందుకున్నాడు.

కథానాయిక విషయంలో కొంత చర్చ నడిచింది. "మీ ఇద్దరిలో ఒకరు చేయొచ్చు కదా" అని కథానాయకుడు అడిగితే, "అయితే కెమెరా నువ్వు పడతావా?" అని అమ్మాయి అడిగింది. చర్చ అక్కడితో ముగిసి, క్రియేటివ్ హెడ్ చున్నీ వేసుకున్నాడు. ఇందులో చిన్నతనమేమీ లేదు. ఆడవేషాలు కట్టి తెలుగు నాటకరంగాన్ని ఏలిన స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది. మన క్రియేటివ్ హెడ్ గడ్డం తీయడానికి ఒప్పుకోలేదు గనుక అతడికి వచ్చే అవకాశం కొంచెం తక్కువ.

చిత్రీకరణ సంగతులు వింటే నా ఆందోళన ఎంత సహేతుకమో బోధపడుతుంది. కెమెరా అంటే ఒక ఫోను. ట్రైపాడ్ లేకపోవడం వల్ల మొదటి సంవత్సరపు ఫిజిక్స్ రికార్డులను ఛాతీ ఎత్తుకు పేర్చి, వాటి మీద నీళ్ల సీసా నిలిపి, ఫోనును రబ్బరు బ్యాండ్లతో దానికి కట్టారు. ఆ రికార్డులు ఒకరి పనికి అక్కరకు రావడం బహుశా అదే మొదలు. క్లాప్ బోర్డు బదులు పరీక్ష అట్ట వాడారు. దాని క్లిప్పును పైకి లాగి వదిలితే కావలసిన చప్పుడు కావలసినంత వచ్చింది. తరగతి గదిలో ఫ్యాను వేస్తే మాట వినబడదు, ఆపితే ముఖానికి పూసిన పౌడరు చారలు కడుతుంది. అందుచేత ఫ్యాను వేసుకునే నటించి, మాటలను ఆ రాత్రి ఎవరి హాస్టల్ గదిలో వారు దుప్పటి ముసుగుపెట్టుకుని ఫోనులో చెప్పి, ఎడిటింగ్ చేసే అమ్మాయికి పంపించారు. సాయంత్రం నాలుగుంబావుకు కళాశాల బస్సులు కదులుతాయి గనుక పతాక సన్నివేశం సగంలో ప్రతినాయకుడు, "రేపు కొట్టుకుందాం రా" అంటూ బ్యాగు తగిలించుకుని పరుగెత్తాడు. ఆ వాక్యం కూడా రికార్డయింది, ట్రైలరులో ఉంది.

హాస్యం ఎక్కడినుంచి తేవాలన్న ప్రశ్నకు ప్రతి జట్టుకూ మొదట తట్టే జవాబు లెక్చరర్ల అనుకరణే. ఇది మన వృత్తికి అవమానమని స్టాఫ్ రూములో కొందరు నొచ్చుకున్నారని విన్నాను. వారు కొంచెం గతంలోకి చూడవలసి ఉంది. బ్రహ్మానందం గారు అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పినవారు, ఎమ్మెస్ నారాయణ గారు భీమవరంలో తెలుగు పాఠాలు చెప్పినవారు. తెలుగు తెరకు ఇద్దరు మహా హాస్యనటులను ఇచ్చింది బోర్డు ముందు నిలబడేవారే తప్ప, ఎదురుగా బెంచీల మీద కూర్చునేవారు కాదు. న్యాయంగా చూస్తే ఈ ప్రాజెక్టును అధ్యాపకులకు ఇచ్చి, విద్యార్థులతో మార్కులు వేయించి ఉండవలసింది.

మన జట్టుకు మాత్రం హాస్యం తిరుమల నుంచి వచ్చింది. చిత్రీకరణ సగంలో ఉండగా కథానాయకుడు వారాంతంలో కుటుంబంతో కొండకు వెళ్ళి, అమ్మ ఎప్పుడో మొక్కుకున్న మొక్కు ప్రకారం తలనీలాలు ఇచ్చి, సోమవారం ఉదయం గుండుతో, చేతిలో లడ్డూతో ప్రత్యక్షమయ్యాడు. "చెప్పాలి కదరా!" అని దర్శకురాలు తల పట్టుకుంటే, "దేవుడికి ఇచ్చేదానికి కూడా నీ పర్మిషన్ కావాలా?" అన్నాడట. విగ్గు అద్దెకు తేవడానికి డబ్బు లేదు, తీసినదంతా మళ్ళీ తీయడానికి రోజులు లేవు. ఆ అమ్మాయి ఒక పీరియడంతా కిటికీ వైపు చూస్తూ కూర్చుని, చివరకు ఒకే ఒక్క దృశ్యాన్ని అదనంగా రాసింది. పాత చిత్రీకరణలో కథానాయకుడు ఒత్తయిన జుట్టుతో ఒక తలుపు తోసుకుని లోపలికి వెళ్తాడు. ఇప్పుడు అదే తలుపు తీసుకుని గుండుతో బయటికి వస్తాడు. మధ్యలో ఆ తలుపు మీది బోర్డును దగ్గరగా చూపించాలి. బోర్డు మీద 'ఫీజులు చెల్లించు స్థలము' అని ఉంటుంది.

మాట ఒక్కటీ లేని ఆ దృశ్యం నిడివి ఏడు సెకన్లు. నాలుగేళ్ల చదువులో నేర్పవలసినదాన్ని ఒక అమ్మాయి ఏడు సెకన్లలో పట్టేసిందంటే పాఠ్యప్రణాళికలో ఎక్కడో ఒక లోపం ఉన్నట్టే. సంబంధిత అధికారులు విచారించాలి.

అదృష్టవశాత్తు మన కళాశాలల్లో సెన్సారు వ్యవస్థ పటిష్ఠంగా ఉంది. దేశంలో థియేటర్లలో వేసే ట్రైలరుకు కూడా సెన్సారు ధ్రువపత్రం తీసుకోవాలి. 2023 సవరణ తరువాత, పెద్దల మార్గదర్శకత్వంలో పిల్లలు చూడదగిన యూఏలోనే ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని మూడు తరగతులు వచ్చాయి. కత్తిరింపు నచ్చని నిర్మాతకు రివైజింగ్ కమిటీ ఉంది, 2021లో అప్పీళ్ల ట్రైబ్యునల్‌ను రద్దు చేశాక హైకోర్టు తలుపు ఉంది. కళాశాలలో ఇంత తతంగం లేదు. విభాగాధిపతి చూస్తారు, ప్రిన్సిపల్ చూస్తారు, తీర్పు అక్కడికక్కడే వస్తుంది, అప్పీలు ఉండదు. క్యాంటీన్ సాంబారు మీది మాటను ఉంచుకోనిచ్చారు, ఎందుకంటే క్యాంటీన్ కాంట్రాక్టు ఎలాగూ మారబోతోంది. కాలేజీ బస్సు మీది మాటను తీసేయమన్నారు. ఫీజుల తలుపు దృశ్యాన్ని ప్రిన్సిపల్ గారు రెండుసార్లు చూసి, ఇది కథకు అవసరమా అని అడిగారు. కథే లేదు సార్, ట్రైలరే కదా అని అమ్మాయిలు విన్నవించుకున్నారు. కథ లేనప్పుడు దానికి అవసరమైన దృశ్యం ఎలా ఉంటుందని ఆయన వేసిన ప్రశ్న తర్కశాస్త్ర పరంగా తిరుగులేనిది. దృశ్యం పోయింది.

దృశ్యం పోయినా గుండు పోలేదు. సెమినార్ హాలులో ప్రదర్శన జరిగిన రోజున కథానాయకుడు ఒక షాట్‌లో జుట్టుతోనూ, మరుసటి షాట్‌లో ఏ వివరణా లేకుండా గుండుతోనూ కనిపించాడు. మధ్యలో ఉండవలసిందేమిటో హాస్టళ్లన్నిటికీ అప్పటికే తెలుసు. తీసేసిన చోట కథానాయకుడి గుండు మెరిసిన క్షణాన హాలు దద్దరిల్లింది. అంతకు ముందు పడిన డైలాగులకు గాని, చున్నీలో గడ్డంతో నడిచిన క్రియేటివ్ హెడ్‌కు గాని అందులో సగం నవ్వు కూడా రాలేదు.

భరతముని నాట్యశాస్త్రంలో నవ్వును ఆరు విధాలుగా విభజించి, స్మిత హసితాలను ఉత్తములకు, విహసిత ఉపహసితాలను మధ్యములకు, అపహసిత అతిహసితాలను అధములకు కేటాయించాడు. ఆ విభజన ఎంత శాస్త్రీయమో నాకు ఆ సెమినార్ హాలులో తెలిసింది. ముందు వరుస సోఫాలో ప్రిన్సిపల్ గారు పళ్లు కనబడకుండా పెదవి చివర మాత్రమే కదిపారు, అది స్మితం. ఆయన ముఖం చూసి, భయం లేదని రూఢి చేసుకుని, విభాగాధిపతి పలువరుస కొద్దిగా చూపించారు; అది హసితం. రెండో వరుసలోని అసోసియేట్ ప్రొఫెసర్లు విభాగాధిపతిని చూసి, కళ్లు చిన్నవి చేసి, మెల్లని ధ్వనితో విహసించారు. ఉద్యోగం ఇంకా ఖాయం కాని అసిస్టెంట్ ప్రొఫెసర్లు ముక్కుపుటాలు ఎగరేస్తూ, భుజాలు ముడుచుకుని, తల వంచుకుని నవ్వారు. ఉపహసితానికి భరతుడు చెప్పిన లక్షణాలు సరిగ్గా అవే, కాకపోతే అవి ఉద్యోగ భద్రతకు సంబంధించినవని ఆయన చెప్పలేదు. ఇక వెనుక బెంచీల్లో కన్నీళ్లు కార్చుకుంటూ, డొక్కలు పట్టుకుంటూ సాగిన అతిహసితం గురించి వేరే చెప్పాలా? ఫీజు కట్టినవారు వారే.

ప్రదర్శన తరువాత వైవా జరిగింది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పరిశ్రమలో దీని ఉపయోగమేమిటని అడిగారు. రెండు రాత్రులు నిద్ర మాని ఎడిటింగ్ చేసిన అమ్మాయి ఆ ప్రశ్నకు తడబడింది. 'సమర్పణ' కుర్రవాడు ముందుకు వచ్చి, టీం వర్కు, లీడర్‌షిప్, కమ్యూనికేషన్ అన్న మూడు మాటలతో నాలుగు నిమిషాలు ధారాళంగా మాట్లాడాడు. చున్నీ ఆలోచన కూడా తనదేనని చెప్పాడు. ఎగ్జామినర్ గారు ముగ్ధులై ఆరుగురికీ సమానంగా మార్కులు వేశారు, సమర్పకుడికి మాత్రం ఒకటి ఎక్కువ. నేనూ ఆ కాగితం మీద సంతకం పెట్టాను. వ్యవస్థకు ముప్పు తప్పినట్టేనని అప్పటికి ఊపిరి పీల్చుకున్నాను గాని, ఫీజుల తలుపు దృశ్యం విద్యార్థుల ఫోనుల్లో ఇంకా తిరుగుతూనే ఉందని తెలిశాక ఈ వ్యాసం రాయక తప్పలేదు.

కనుక వచ్చే ఏడాది నుంచి ఈ ప్రాజెక్టులో ట్రైలరును ప్రదర్శించే పద్ధతి ఎత్తివేసి, దాని బదులు రికార్డు మాత్రమే రాయించాలని నా సూచన. రికార్డయితే కాపీ కొట్టవచ్చు, కొనవచ్చు, సీనియర్ల దగ్గర తీసుకోవచ్చు, పుటలు లెక్కపెట్టి మార్కులు వేయవచ్చు. అధికారుల సౌకర్యం కోసం నమూనా కూడా ఇక్కడే ఇస్తున్నాను. ఉద్దేశము: హాస్యమును ఉత్పత్తి చేయుట. పరికరములు: ఫోను, పరీక్ష అట్ట, నీళ్ల సీసా, చున్నీ, గుండు. విధానము: గత సంవత్సరపు రికార్డులో చూడుడు. ఫలితము: హాస్యము నిరూపించబడినది. జాగ్రత్తలు: నవ్వుటకు ముందు ముందువరుసలోని వారి ముఖములను పరిశీలించవలెను.