నయాపూల్ మీది నుంచి మూసీ నదికి ఒక విన్నపం

గంగాభాగీరథీ సమానురాలైన మూసీ నదమ్మ గారికి,

ఈ సంబోధన ఎవరికి రాస్తారో తెలిసే రాశాం. భర్త పోయినవాళ్ళకు రాసేదాన్ని నీళ్ళు పోయిన నదికి రాయకూడదని ఎక్కడా లేదు. ఇక్కడ హైదరాబాదులో మేమంతా క్షేమం. మీ క్షేమం అడగం, గాలి చెప్పేస్తోంది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం పరాయి ఊరి చుట్టాలతో మీ దర్శనానికి వచ్చినవాళ్ళకు దక్కినవి హారన్ మోతలు, ముక్కు మీద చేతిరుమాలు. నయాపూల్ మీద పడమటికి తిరిగి నిలబడితే ఎడమ పక్క హైకోర్టు, కుడి పక్క ఉస్మానియా దవాఖానా. ఇంత గొప్ప కట్టడాలు రెండొడ్డులా పెట్టుకుని, దిగి కాళ్ళు తడుపుకోవడానికి ఒక్క రేవు లేదు. పోనీ పురానాపూల్‌కి వెళ్దామంటే, 1578 నాటి వంతెన, చార్మినార్ కన్నా 13 ఏళ్ళు పెద్దది. దాని మీది కూరగాయల అంగట్లో బెండకాయలు బేరమాడి ఇవతలికొచ్చాక గాని కింద నది ఉందన్న సంగతి గుర్తుకు రాదు. సుందరీకరణ మాట ఎత్తం. నందనవనం అన్నారు, రివర్‌ఫ్రంట్ అన్నారు, సియోల్ దాకా వెళ్ళి వాళ్ళ వాగు చూసొచ్చారు. విమానాలకు మాత్రం రేవులున్నాయి.

ఇవన్నీ సర్దుకుంటాం గాని, ఒక్కటి మాత్రం మింగుడు పడటం లేదు. మీలో పారేవి మీ నీళ్ళు కావు.

అనంతగిరి కొండల్లో కురిసింది గండిపేట దగ్గర ఆగిపోతుంది. మీ ఉపనది ఈసీలో వచ్చింది హిమాయత్‌సాగర్ దగ్గర ఆగుతుంది. 1908 సెప్టెంబరు 28న వరదై వచ్చి మీరు చేసిన ఘనకార్యానికి విశ్వేశ్వరయ్య గారి సలహా మీద పెట్టిన కాపలాలవి, ఒకటి 1920లో, రెండోది 1927లో. దానికి మిమ్మల్నీ, ఆయన్నీ ఏమీ అనలేం. నీటిమట్టం గండిపేటలో 1790 అడుగులకు, హిమాయత్‌సాగర్‌లో 1763.5కు దగ్గరపడితే తప్ప గేటు లేవదు. మరి ఏప్రిల్‌లో నయాపూల్ కింద నల్లగా కదిలేది ఏమిటి?

మా స్నానాల గదులు. నాగార్జునసాగర్ నుంచి మోటార్లు పెట్టి ఎత్తి, పైపుల్లో తెచ్చుకున్న కృష్ణ నీళ్ళు ట్యాంకులోకెక్కి, బకెట్లోకి దిగి, మ్యాన్‌హోల్‌లో పడి నీ దగ్గరికొస్తాయి. కాగితం మీద మురుక్కి ట్రంక్ లైను వేరు, వాన నీళ్ళకు నాలా వేరు. నేల కింద ఆ రెండూ ఎప్పుడో వియ్యమందాయి. నాలా నీలో కలిసే చోట చిన్న అడ్డుగోడ కట్టి, మురుగును పక్క పైపులోకి మళ్ళిస్తారు. ఆ పైపు మూతి దగ్గర ఇనుప జాలీ ఉంటుంది. దానికి పాల కవర్లు, గుడ్డపీలికలు నాలుగు అడ్డం పడ్డాయా, మురుగంతా గోడ దూకి నీ ఒళ్ళోకే. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేసే ప్లాంటుంది, నిజమే. అది నయాపూల్‌కు దిగువన! పాతనగరం దాటాక చేసే స్నానం అది. ఈలోగా ఆక్సిజన్ అయిపోయి, అడుగు బురదలోంచి కుళ్ళిన కోడిగుడ్డు కంపు లేస్తుంది. వెండి పట్టీలు నల్లబరిచే గాలి అదే. గాలి ఆడని వేసవి తెల్లవారుజామున వచ్చి చూడండి. నీళ్ళు ఎత్తు నుంచి పడే చోట తేలే తెల్లటి నురగ మంచు కాదు, మా బట్టల సబ్బు.

ఇంతకీ ఇదంతా ఎక్కడికి పోతుంది? నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలోకి. అగస్త్యేశ్వరుడి గుడి ముందు, పుష్కరాల్లో జనం మునిగే సంగమంలోకి. మోటారు ఖర్చు పెట్టి తెచ్చుకున్న కృష్ణమ్మ నీళ్ళను వాడేసి, సరిగ్గా కడగకుండా కృష్ణమ్మకే అప్పజెప్పే పోస్టుమేన్ ఉద్యోగం నీకిచ్చారు. సిగ్గు లేదా అని నిన్నెందుకు అడగాలి? బిల్లులో మురుగు చార్జీ కూడా వసూలు చేస్తున్నారు కదా, వాళ్ళను అడగాలి!

గేట్లు ఎత్తిన రోజు మాత్రం నువ్వు నువ్వే. 2025 సెప్టెంబరు చివర్లో ఇమ్లీబన్ బస్టాండులోకే నడిచొచ్చేశావు. ఎర్రమట్టి నీళ్ళు, కొట్టుకొచ్చే కొమ్మలు, అనంతగిరి వాసన. మూసారాంబాగ్ దారి మూసేశారని తిట్టుకుంటూనే అందరూ తొంగిచూసే నీళ్ళవి. మళ్ళీ వస్తే ముందుగా ఓ కబురు పెట్టు. చుట్టాలను ఆ రోజే తీసుకొస్తాం.

ఇట్లు,
గండిపేట నీళ్ళు తాగి, తిరిగి నీకే పంపిస్తున్న
నీ ఊరివాళ్ళు